ఒకే పెంకు, రెండు ధరలు

మా పక్కింటి రమ చదువు ముగించి ఈమధ్యే ఒక కంపెనీలో చేరింది. జనానికి మేలు చేస్తూ లాభం కూడా సంపాదించే కంపెనీ అట. దానికి ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుంది. రెండుసార్లు చెప్పించుకున్నాను గానీ బుర్రలో నిలవలేదు. "మీరూ అలాంటి ఉద్యోగమే చేశారట కదా తాతగారూ, మాలాంటి కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు రాసివ్వండి" అంది. నేను చేసిందల్లా పెంకులమ్మడం. దానికి అంత పేరుంటుందని తెలిస్తే అప్పుడే ఇంకాస్త జీతం అడిగేవాణ్ణి.

చీపురుపల్లి దగ్గర ఒక పెంకుల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఏ ఏడు ఏ కుర్చీ ఎక్కానో రాసి మిమ్మల్ని విసిగించను. అరవైల దశకం చివర్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతులు మాత్రం రాస్తాను. తర్వాత పాతికేళ్ళకు పైగా నేను చేసింది, అప్పుడు చివాట్లు తిని నేర్చుకున్నదే.

నాయుడు గారి పట్టు

మా యజమాని అప్పల్నాయుడు గారికి ముందు నుంచీ బియ్యం మిల్లుండేది. మనిషి భారీ, గొంతు ఇంకా భారీ. ఆయన గుసగుసలాడితే రైలు స్టేషను దాకా వినపడేది. ఒక వేసవిలో ఆయన మిల్లుకి ఎదురుగా ఉన్న వీధి కాలిపోయింది. తాటాకు కప్పులు, పడమటి గాలి. ఇంట్లోవాళ్ళు కేకలేసుకుంటూ బయటికొచ్చేలోపు వీధి వీధంతా బూడిద. ఆయన బియ్యం పంపారు, బట్టలు పంపారు. మరుసటి వేసవిలో అదే వీధి మళ్ళీ కాలింది.

"ఒరే, నాను బియ్యం పంపినాను, ఆళ్ళు తిన్నారు. మళ్ళీ తాటాకే కప్పుకున్నారు, మళ్ళీ కాలిపోనాది. నాను పంపవల్సింది బియ్యం కాదురా, కప్పు" అని ఆయన నాతో ఎన్నిసార్లన్నారో లెక్కలేదు.

బెంగుళూరు పెంకులు అప్పట్లో ఎక్కడి నుంచో రైల్లో వచ్చేవి. కలిగినవాళ్ళే కొనేవారు. మా చుట్టుపక్కల బంకమన్ను బాగుంటుందని నాయుడు గారు ఇక్కడే బట్టీ పెట్టారు. పెంకు ఒక్కటే, ధరలు మాత్రం రెండు. పట్నంలో కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఊరి ధర. ఈరోజు తాటాకు కింద పడుకుంటున్నవాడికి తాటాకు ధర. అంటే తయారీ ఖర్చు మీద ఇంచుక లాభం, అంతే.

చేరిన కొత్తలో నేను ఉత్సాహం కొద్దీ అడిగాను, "ఉచితంగానే ఇచ్చెయ్యొచ్చు కదండీ?" అని.

"ఇచ్చీ. ఎన్నిళ్ళకిస్తావు? నా మిల్లమ్మినా రెండు వీధులు. మూడో వీధోడు ఏటి సేస్తాడు, నాయుడు మళ్ళీ పుట్టాలని దండవెట్టుకుంటాడా? లాభం ఉండాల. సన్నంగానైనా ఉండాల."

ఈ ఏర్పాటు నచ్చని మనిషి ఒకరున్నారు. నాయుడు గారి బావమరిది సత్యం గారు, కార్ఖానాలో భాగస్తుడు. బక్కపల్చటి మనిషి. నవ్వడానికి కూడా ఖర్చవుతుందన్నట్టు ఉండేవారు. ఆయన్ని నేను చాలాకాలం దుర్మార్గుడనుకున్నాను. అది నా మొదటి తప్పు.

నా జాలి

ఒకసారి బట్టీలో మంట ఎక్కువై చాలా పెంకులు సన్నటి పగుళ్ళతో చీరుకుపోయాయి. మంచి పెంకుని వేలి కణుపుతో కొడితే ఖంగుమంటుంది. ఇవి బొదబొదమన్నాయి. నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. వీటిని పారెయ్యడం ఎందుకు, తాటాకు ఇళ్ళవాళ్ళకి ఇంకా తక్కువకిచ్చేస్తే పుణ్యం కదా అని. నాయుడు గారు కూడా కరిగిపోయి సరే అనబోయారు.

సత్యం గారు ఒక పెంకు తీసి నా చేతిలో పెట్టారు. "మీ ఇంటికేసుకుంటావేటి?"

నేను దాన్ని ఒకసారి కణుపుతో కొట్టి, మెల్లగా కింద పెట్టేశాను.

"మొదటి వానకే కారతాది. కారితే 'నాయుడు పెంకు కారతాది' అంటారు. 'నాయుడు సీరిన పెంకు సవగ్గా ఇచ్చినాడు' అని ఎవడూ అనడు. బావా, నీ జాలి, ఈడి జాలి కలిసి కార్ఖానాకి తాళం ఏయించేలాగున్నాయి."

ఆ పెంకులన్నీ ముక్కలు కొట్టించి దారి గుంతల్లో పోయించారు. పేదవాడికి పేద సరుకు చాలనుకున్నది జాలిపరుణ్ణయిన నేను, కాదన్నది లాభం మనిషి. రమా, మీ కంపెనీలో కూడా సత్యం గారి లాంటి మనిషి ఒకరుంటారు. కాఫీ ఇచ్చి మంచి చేసుకో.

వీధి మధ్యలో ఇల్లు

మా వైపు పల్లెల్లో ఇళ్ళు విడివిడిగా ఉండవు. గోడకి గోడ ఆనుకుని, చూరుకి చూరు కలుపుకుని ఒక వరసగా ఉంటాయి. ఎన్నిళ్ళున్నా పైన కప్పు ఒక్కటే. గెడ్డపేట అనే పల్లెలో అలాంటి వీధిలో పద్నాలుగిళ్ళున్నాయి. అందులో ఇంచుమించు మధ్య ఇల్లు రాములుది. రాములు రైల్వేలో గ్యాంగుమాను, నెలజీతం మనిషి. నేను సైకిలు మీద వెళ్ళి మాట్లాడగానే పెంకులు కొన్నాడు. తాటాకు ధరకి నేను చేసిన మొదటి అమ్మకం! సైకిలు బెల్లు కొట్టుకుంటూ ఇంటికొచ్చాను.

వేసవి చివర ఆ వీధికి కప్పు రోజు వచ్చింది. వానలకి ముందు పాత తాటాకు దించి కొత్తది వేసుకునే రోజు. ఆ రోజు ఎవరి ఇల్లు వాళ్ళు కప్పుకోరు. పిలుపులు పిలుచుకుని, అందరూ కలిసి ఈ చివర నుంచి ఆ చివరకి కప్పుకుంటూ పోతారు. మధ్యాహ్నం అందరికీ ఒకేచోట భోజనం. రాములు ఎప్పటిలాగే తలపాగా చుట్టుకుని వెళ్ళాడు.

"నీకేటి పనిరా ఇక్కడ? నీది పెంకు కదా. మా కప్పు నీకెందుకు, నీ కప్పు మాకెందుకు" అన్నారట. ఆ పూట రాములు తన అరుగు మీద కూర్చుని, రెండు పక్కలా సాగుతున్న పని చూస్తూ గడిపాడు.

ఆ తర్వాత వాన పడింది. పెంకుకీ తాటాకుకీ మధ్య అతుకు ఎంత జాగ్రత్తగా వేసినా ఆగదు. పెంకుల మీద నీళ్ళు సరాసరి అటు పక్కింట్లోకి, ఇటు పక్కింట్లోకి దిగాయి. రెండు గోడలు నానిపోయాయి. రాములు తడిసిన తలపాగాతో కార్ఖానాకొచ్చి, "మీ పెంకులు మీరు అట్టుకుపోండి బాబూ, నాకు నా వీధి ఇచ్చీండి" అన్నాడు.

నేను గెడ్డపేట పరిగెత్తాను. అందరూ నామీద విరుచుకుపడ్డారు. వాళ్ళలో అరవనిది ఒక్క పైడమ్మే. తూర్పు చివరి ఇల్లు ఆవిడది. నిప్పు వీధిలో ఎక్కడ అంటుకున్నా పడమటి గాలికి చివరికి చేరేది ఆవిడ ఇంటికే. అప్పటికి రెండుసార్లు కాలింది. రెండోసారి గేదె తాడు తెంచుకుని బతికింది గానీ, గాదెలోని విత్తనాలు బతకలేదు. ఆ ఏడు ఆవిడ పొలం బీడే.

"నువ్వు ఇంటికి అమ్మినావు బాబూ, వీధిని సింపినావు" అంది పైడమ్మ.

రాములు ఇంటి రెండు పక్కలా గోనెపట్టాలు కప్పించి, తలవంచుకుని వచ్చాను. ఇక నుంచి అమ్మితే వీధి మొత్తానికి అమ్మాలి, లేకపోతే మానుకోవాలి. ఆ మాట నాయుడు గారితో చెబితే సత్యం గారు అందుకున్నారు.

"బాగుంది. శివరాత్రి దాటేసరికి ఒక్క వీధి సూపించు. నేదంటే తాటాకు ధర ఎత్తెయ్యాల బావా. ఉన్న సరుకంతా విజయనగరం వ్యాపారికి ఊరి ధరకి తోలేద్దాం." నాయుడు గారు నావైపు చూసి, ఆయన జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో "సరే" అన్నారు.

శివరాత్రి దాటితే ఎండ, ఎండ వెనకాల పడమటి గాలి. ఆ గాలికి ఎదురుగా పైడమ్మ ఇల్లు.

పైడమ్మ సంతకొచ్చిన రోజు

గెడ్డపేటకి మూడుసార్లు తిరిగాను. పైడమ్మ ఊ అంటే వీధి ఊ అంటుందని అర్థమైంది. మూడోసారి వెళ్ళేటప్పటికి ఆవిడ చేటలో మినుములు చెరుగుతూ, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. మా ప్రాంతంలో పెద్ద ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. చూడనివాళ్ళకి చెబితే నమ్మరు.

"నోరు కాలదా అమ్మా?" అన్నాను.

"కాలితే నా నోరే కదా కాల్తాది. నిప్పు బయటుంటే రవ్వెగిరి కప్పు మీద పడదా? ఊరు కాలడం కన్నా ఇది నయం." చుట్ట తియ్యకుండానే మాట్లాడేది. "పెంకుల బాబూ, నీ ఇంటికి ఏటి కప్పు?"

"పెంకే అమ్మా" అన్నాను. అంత సులువుగా అబద్ధం ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మాది మా నాన్న చీపురుపల్లిలో కట్టిన తాటాకిల్లు. అలాంటివే ఆరిళ్ళ వరస. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిలెక్కి, పెంకుల సుఖాలు వర్ణిస్తూ తిరిగేవాణ్ణి కదా. తాటాకు అని నోటితో చెప్పడం నామోషీ అనిపించింది.

ఆ వారం సంతరోజున మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తుంటే వీధి మొదట్లోనే చుట్ట వాసన కొట్టింది. మా అరుగు మీద పైడమ్మ! పక్కన గెడ్డపేట ఆడవాళ్ళు ఇద్దరు. ముగ్గురి చేతుల్లోనూ మా ఆవిడ అన్నపూర్ణ ఇచ్చిన మజ్జిగ గ్లాసులు. ముగ్గురూ తలలెత్తి మా కప్పువైపే చూస్తున్నారు.

"బాబూ, మీ పెంకులు బలే పల్సగా ఉన్నాయి" అంది పైడమ్మ. "ఎండుగా, ఈనెలతో, అచ్చం తాటాకులాగ ఉన్నాయి. ఇదేటి కొత్త రకమా? ఇయ్యి మాకు ముందే ఉన్నాయి కదా."

అన్నపూర్ణ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. నేను సైకిలు గోడకి ఆనించాను.

"అబద్దం ఆడినావని కాదు బాబూ నా బాద. నువ్వు తినని కూర మాకొడ్డిస్తన్నావు. నీకేటి అడ్డమొచ్చింది?"

నేను జవాబు చెప్పేలోపు అన్నపూర్ణ తలుపు చాటు నుంచి అందుకుంది. "పెళ్ళయి వచ్చిన దగ్గర్నించి అడుగుతున్నానమ్మా. కంపెనీ సరుకు ఇంటికి తెచ్చుకుంటే నలుగురూ ఏమనుకుంటారు అంటారు."

అదీ సగం నిజమే. తాటాకు ధరకి తగినవాళ్ళ జాబితా రాసేది నేను. పల్లెపల్లెకీ తిరిగి వందల పేర్లు రాశాను. అందులో నా పేరు రాసుకోవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నేను మేలు చేసే వైపు మనిషిననుకున్నాను, మేలు కావలసిన వైపున్నానని తోచలేదు. ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పైడమ్మ గ్లాసు బోర్లించి లేచింది. "ముందు నీ వీధికి పెంకెయ్యి. అప్పుడు మావొచ్చి సూస్తాం."

ఆరిళ్ళ వాళ్ళం

ఆ సాయంత్రమే మా వరసలో అందర్నీ కూర్చోబెట్టాను. గెడ్డపేటలో ఏ ప్రశ్నలకి లోపల్లోపల నవ్వుకునేవాణ్ణో అవే ప్రశ్నలు వచ్చాయి. బరువుకి వాసాలు ఆగుతాయా? వేసవిలో ఉక్క పొయ్యదా? కోతులు పీకితే? కుట్టుపని చేసే సన్యాసిరావు మాత్రం ఇంకో ప్రశ్న వేశాడు.

"ఊరూరా తిరిగి సెబుతన్నావంట. పక్కింట్లో నానున్నాను. ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పలేదు?"

నాలుగు మైళ్ళు తొక్కితేనే పనిచేసినట్టు అనిపించేదని చెప్పుకోలేను కదా. క్షమించమన్నాను. తర్వాత మనసులో ఏదీ దాచుకోకుండా పెంకుకి ఎంత ఖర్చవుతుందో, కంపెనీకి ఎంత మిగులుతుందో విప్పి చెప్పేశాను. సత్యం గారికి తెలిస్తే నన్ను బట్టీలో పెట్టి కాల్చేవారు. సన్యాసిరావు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"ఆ మాత్రం మిగలాల. నేదంటే వచ్చే యేడు నా పెంకు విరిగితే ఎవుడిస్తాడు? ఉంచుకోండి."

నాయుడు గారి ఉపన్యాసాలన్నీ కలిపినా నాకు అంత బాగా అర్థంకాలేదు. కొనేవాడికి మా లాభం మీద కోపం లేదు. మేము రేపు కూడా ఇక్కడే ఉంటామా అన్నదే అతనికి కావాలి.

వాసాల మాట కూడా తేలింది. మావైపు తాటిచెట్లకి కొదవలేదు. పాతపట్నం నుంచి వచ్చిన వడ్రంగి ఒకాయన ముదురు తాటిమొద్దులు చీల్చి వాసాలు తీసి, వాటి మీద తనే ఎక్కి గెంతి చూపించాడు. ఆరిళ్ళూ ఒప్పుకున్నాయి. పరుగున వెళ్ళి సత్యం గారికి చెప్పాను.

"అది నీ వీధిరా. లెక్కకి రాదు" అన్నారు ఆయన, తల కూడా ఎత్తకుండా.

శివరాత్రికి ఇక ఎన్నో రోజులు లేవు.

పిలుపు

మా కప్పు రోజుకి ముందు అన్నపూర్ణ ఒక మాట అంది. "గెడ్డపేటకి వెళ్ళి పిలిచారా?"

"ఎందుకు?"

"కప్పుకి పిలవరా మరి? పిలిస్తే కదా వచ్చేది."

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. మరునాడు నమూనా పెంకులు ఇంట్లో వదిలేసి, పసుపు కుంకుమలతో అన్నపూర్ణని సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని గెడ్డపేట వెళ్ళాను. పద్నాలుగు గడపలూ ఎక్కి, "ఎల్లుండి మా ఇంటి కప్పు, మీరు రావాలి" అని పిలిచాం. అమ్మడానికి వెళ్ళినప్పుడు నాకు ఎవరూ పీట వెయ్యలేదు. పిలవడానికి వెళ్తే ప్రతి ఇంట్లోనూ మంచినీళ్ళిచ్చారు. పైడమ్మ అన్నపూర్ణ బొట్టు సరిచేసి, "ఈ గుంటకి ఉన్న బుద్ది నీకు నేదు" అని నాకు ఒక కితాబు కూడా ఇచ్చింది.

వాళ్ళొచ్చారు. రెండు బళ్ళు కట్టుకుని, చద్దన్నం మూటలతో, గెడ్డపేట వీధి వీధంతా వచ్చింది. నేల మీద నుంచి కప్పు దాకా వరసగా నిలబడి చేతుల మీదుగా పెంకులు అందించుకున్నారు. పెంకు మీద పెంకు ఎలా కూర్చుంటుందో తెలిసినవాడు వాళ్ళలో ఒక్కడే, రాములు. అతను పైనెక్కి కేకలేస్తుంటే కింద అందరూ చెప్పినట్టు వింటున్నారు. పోయిన వేసవిలో తనని పొమ్మన్న పక్కింటివాడు, "ఒరే రావులూ, ఇది సరిగ్గా కూకున్నాదేటి సూడు బావా" అని అడగడం నేను విన్నాను. నాకు కళ్ళు చెమర్చాయి. పెంకు దుమ్ము అని చెప్పాను.

విరిగిన పెంకులు ఎన్నో చూసుకోడానికి సత్యం గారు గొడుగేసుకుని వచ్చారు. వరసలో ఒక మనిషి తక్కువ పడ్డాడు. పైడమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "బాబూ, ఊరకే నిలబడ్డావు, ఇలగ రా" అంది. ఆయన గొడుగు ముడిచి వరసలో నిలబడ్డారు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. భోజనాల దగ్గర రెండోసారి పులుసు కూడా వేయించుకున్నారు.

చీకటి పడేలోపు పైడమ్మ మా ఇంట్లోకి వచ్చి పైకి చూసింది. ఒక విడి పెంకు తీసి కణుపుతో కొట్టింది. ఖంగుమంది.

"మా కప్పు శివరాత్రికి ముందు రోజు" అంది. "పద్నాలుగిళ్ళూ. రాములు ఇంటికి అతుకులిప్పి వీధితో కలపాల. నువ్వు రావాల, నీ పెళ్ళాం రావాల, నీ ఆరిళ్ళోళ్ళూ రావాల." తర్వాత సత్యం గారి వైపు తిరిగింది. "నువ్వూ రావాల బాబూ. ఈయేళ మా సేతులు వాడుకున్నావు."

సత్యం గారు నాయుడు గారితో ఏమన్నారో నాకు తెలియదు. శివరాత్రి ముందు రోజున మాత్రం గెడ్డపేటకి అందరికన్నా ముందు చేరింది ఆయనే. తాటాకు ధర గురించి మళ్ళీ ఎప్పుడూ మాటెత్తలేదు. ఆ పద్ధతి నేను రిటైరయ్యే దాకా నడిచింది. ఆ తర్వాత ఏ పల్లెకి వెళ్ళినా ఇంటికి కాదు, వీధికి అమ్మాం. దానికి ముందు వాళ్ళని మా వీధి కప్పుకో, పక్క వీధి కప్పుకో పిలిచేవాళ్ళం.

పైడమ్మ ఇల్లు తూర్పు చివరది కాబట్టి దాని కప్పు అందరికన్నా ఆఖరున పూర్తయింది. చివరి పెంకు రాములు కూర్చోబెట్టాడు. అందరం లోపలికెళ్ళి నిలబడ్డాం. తలుపులోంచి సాయంకాలపు ఎర్రటి వెలుగు విత్తనాల గాదె మీద పడుతోంది. పైడమ్మ దాని దగ్గరికి వెళ్ళింది. గాదె మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ తర్వాత నోట్లోంచి చుట్ట తీసి, తిప్పి, నిప్పు బయటికి వచ్చేలా పెట్టుకుని గట్టిగా ఒక దమ్ము లాగింది. రవ్వ ఒకటి లేచి పైకెగిరింది. అందరం తలలెత్తి ఆ రవ్వనే చూశాం. అది పెంకు దాకా వెళ్ళి ఆరిపోయింది.

పైడమ్మకి దగ్గొచ్చింది. మొహం చిట్లించి చుట్టని మళ్ళీ తిప్పి ఎప్పటిలాగే నోట్లో పెట్టుకుంది.

"థూ, రుసి నేదు బాబూ" అంది.